వెనక చక్రంలో పిల్లి

మేము పై పోర్షన్‌లో అద్దెకుంటాం. కింద ఓబులేసన్న, లక్షుమ్మక్క. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కడప - రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాటు మలుపులు ఆయనకు కళ్ళు మూసుకున్నా వస్తాయి. ఆమె ఉద్యోగం ఆయనే. దానికి రిటైర్మెంటు లేదు. బెంగళూరులో ఉన్న పెద్దకొడుకు కొత్త కారు కొనుక్కుని పాతది వీళ్ళకు వదిలిపోయాడు. అందులో హ్యాండ్ బ్రేకు లివర్ ఉండదు, గేరు పక్కన ఒక బటన్ ఉంటుంది, అంతే. మొన్న ఆదివారం నేను బట్టలు ఆరేద్దామని మిద్దె ఎక్కి, అవి ఆరిపోయేదాకా అక్కడే ఉండిపోయాను. ఎందుకో మీరే వినండి.

లక్షుమ్మ: ఏమయ్యా, పొద్దున్నే ఆ చక్రం కాడ కూర్చొని ఏం చేస్తాండావు?

ఓబులేసు: వెనక బ్రేకు ప్యాడ్లు మారుస్తాండా. అరిగిపోయినాయి. నిన్న ఘాటు దిగేటప్పుడు కీచుమని అరిచింది, విన్లేదా?

లక్షుమ్మ: విన్నా. అది ప్యాడ్లు కాదు, పిల్లి.

ఓబులేసు: ఏ పిల్లి?

లక్షుమ్మ: చక్రంలో ఉండే పిల్లి.

ఓబులేసు: చక్రంలో పిల్లి ఎట్లుంటాదే? ప్యాడ్‌కు ఒక చిన్న ఇనుప రేకు పెట్టింటారు. ప్యాడ్ అరిగి పల్చబడినాక ఆ రేకు చక్రంతో పాటు తిరిగే డిస్కుకు తగిలి కీచుమంటాది. మార్చుకోండ్రా అని చెప్పేదానికే దాన్ని పెట్టినారు.

లక్షుమ్మ: సరే, కీచుమనేది రేకే అనుకుందాం. మళ్ళ గుయ్‌మనేది ఎవరు? నువ్వు కారు ఆపి, లోపలికొచ్చి, కాళ్ళు కడుక్కొని, సంగటి ముందర కూర్చున్నాక కూడా అది గుయ్య్య్ అనింది. కార్లో మనిషి లేడు. తాళంచెవి నీ జేబులో ఉంది.

ఓబులేసు: అది హ్యాండ్ బ్రేకు మోటారు. ఘాటు దిగొస్తే డిస్కులు కాగి ఉంటాయి. చల్లారేకొద్దీ పట్టు వదులవుతాదని కారే మళ్ళీ ఓసారి బిగించుకుంటాది. కొన్ని కార్లలో అట్లా పెట్టినారు.

లక్షుమ్మ: మనిషి లేకుండా దానంతట అదే?

ఓబులేసు: అవును.

లక్షుమ్మ: 30 ఏండ్లు బస్సు తోలినావు. ఒక్కరోజన్నా బస్సు దానంతట అది బ్రేకు వేసుకునిందా?

ఓబులేసు: ఎందుకు వేసుకోదు? బ్రేకు గాలి దిగిపోతే లోపల స్ప్రింగు వచ్చి చక్రాన్ని పట్టేస్తాది.

లక్షుమ్మ: అట్లయితే జీతమిచ్చి నిన్నెందుకు పెట్టుకున్నారు?

(ఓబులేసన్న దీనికి జవాబు చెప్పలేదు. జాకీ కోసం డిక్కీ తెరిచాడు.)

లక్షుమ్మ: జాకీ తర్వాత. ముందు చక్రాలకు అడ్డం పెట్టినావా?

ఓబులేసు: నాకు తెల్సులేవే.

లక్షుమ్మ: తెలిస్తే పెట్టేవాడివి. వెనక లేపి, బ్రేకు వదిలేస్తే కారు గేటు దాటి రోడ్డెక్కుతాదని నీ మేనల్లుడు నాకు చెప్పిపోయినాడు. నీకు చెప్తే వినవని వానికీ తెల్సు. ఇదో, వంటింట్లో పరిచినాక మిగిలిన కడప బండ ముక్కలు. పెట్టు.

ఓబులేసు: (బండలు పెట్టి, కారులో కూర్చుని) ఇట్లా రా. నీ పిల్లి సంగతి తేల్చేస్తా. ఇదో, ఈ బటన్ పైకి లాగుతాండా. (గుయ్య్య్) విన్నావా, బిగిసింది. ఇప్పుడు కాలి బ్రేకు తొక్కి, కిందికి నొక్కుతాండా. (గుయ్య్) వదిలింది. ఇప్పుడు చెప్పు, ఏంది ఇది?

లక్షుమ్మ: అయ్యో పాపం. లాగితే అరుస్తాంది, వదిలితే మూలుగుతాంది. తోక యాడన్నా ఇరుక్కునిందేమో చూడబ్బా.

ఓబులేసు: తోకేందే! ప్యాడ్లను డిస్కుకు అదిమే పట్టకారు లాంటిది ఉంటాది, కాలిపర్ అంటారు. వెనక కాలిపర్ మీద చిన్న మోటారు ఉంటాది. అది లోపల మరను తిప్పుతాది. మర పిస్టన్‌ను నెడతాది. పిస్టన్ ప్యాడ్‌ను డిస్కుకు అదుముతాది. కరెంటు పోయినా పట్టు పోదు, కుళాయి కట్టేసి చెయ్యి తీసినట్టు, తిప్పిన కాడ్నే ఉంటాది. అందుకే బ్యాటరీ సచ్చినా కారు దొర్లదు.

లక్షుమ్మ: అట్లాంటి మోటార్లు ఎన్ని?

ఓబులేసు: రెండు. చక్రానికొకటి.

లక్షుమ్మ: అంటే రెండు పిల్లులు.

(ఇక్కడ నా చేతిలోని బట్టల క్లిప్పు జారి వాళ్ళ కొళాయి దగ్గర పడింది. ఇద్దరూ పైకి చూడలేదు. వాళ్ళకు నేను ఉన్నా లేనట్టే.)

ఓబులేసు: పిల్లి లేదు మొర్రో అంటే వినవే!

లక్షుమ్మ: లేకపోతే పాలు ఎవరు తాగుతాండారు? రోజూ రాత్రి చక్రం పక్కన గిన్నెలో పాలు పెడతాండా. తెల్లారేసరికి చుక్క ఉండదు. గిన్నె కూడా బోర్లించి పెడతాంది. అంత బుద్ధి మన పెద్దోనికి కూడా లేదు.

ఓబులేసు: (చక్రం బోల్టుల మీద ఎక్కడలేని శ్రద్ధ పెట్టి) వీధిలో పిల్లులకు కరువా?

చక్రం ఊడింది. తర్వాత ఆయన సంచిలోంచి ఒక పెద్ద సి-క్లాంప్ తీశాడు. దాన్ని చూడగానే లక్షుమ్మక్క మెట్టు దిగింది.

లక్షుమ్మ: అదేంది చేతిలో?

ఓబులేసు: క్లాంపు. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు వచ్చేసింటాది. కొత్త ప్యాడ్ మందం. పిస్టన్‌ను వెనక్కి అదిమితేనే అది పడతాది.

లక్షుమ్మ: అదమొద్దు.

ఓబులేసు: ఎందుకు?

లక్షుమ్మ: దాని వెనకాల పిల్లి ఉంది.

ఓబులేసు: మోటారు!

లక్షుమ్మ: ఏదో ఒకటి. నీ మేనల్లుడు ఏం చెప్పినాడు? "అత్తా, లోపలుండేదాన్ని ముందు వెనక్కి పంపించాల. అది పూర్తిగా వెనక్కి పోయినాకనే పిస్టన్‌ను ముట్టాల. మామ బలం చూపించినాడంటే లోపల పండ్లు విరిగిపోతాయి" అన్నాడా లేదా? పిల్లికి కాకపోతే పండ్లు ఎవరికుంటాయి?

ఓబులేసు: గేర్లకు! గేరు పండ్లే! ...అయినా వాడన్నది నిజమే. పాత కార్లలో క్లాంపుతో అదిమేస్తే సరిపోతాండె. దీంట్లో పిస్టన్ వెనకాల ఆ మర మీది నట్టు అడ్డం నిలబడింటాది. బటన్ వదిలితే అది కొంచెమే జరుగుతాది. మొత్తం వెనక్కి పోవాలంటే సర్వీస్ మోడ్‌లో పెట్టాల.

లక్షుమ్మ: అందుకే గదా వాడు గ్యారేజీ నుంచి ఆ డబ్బా తెచ్చిచ్చింది. దాన్ని టీవీ పక్కన పెట్టి క్లాంపు పట్టుకొని కూర్చుంటివి!

(డబ్బా అంటే స్కానర్. స్టీరింగు కింద సాకెట్‌లో తగిలిస్తే కారుతో మాట్లాడుతుంది. కొన్ని కార్లకు ఇది లేకుండా బటన్‌నూ పెడల్‌నూ ఒక వరసలో నొక్కి కూడా సర్వీస్ మోడ్‌లోకి పంపవచ్చు. ఏ కారుకు ఏ పద్ధతో దాని పుస్తకంలోనే ఉంటుంది. ఈ కారు పుస్తకం బెంగళూరులో ఉంది.)

లక్షుమ్మ: ఉండుండు, బ్యాటరీకి ఛార్జరు పెట్టినావా? మధ్యలో కరెంటు తక్కువైతే ఇటు రాదు, అటు పోదు అన్నాడు.

ఓబులేసు: రాత్రే పెట్టినాలే. నొక్కుతాండా. (గుయ్య్య్య్య్య్య్య్)

లక్షుమ్మ: ఎంత పొడుగు ఆవలింతో చూడు.

ఓబులేసు: (పళ్ళు కొరుకుతూ) నట్టు చివరిదాకా వెనక్కి పోయింది కాబట్టి పొడుగ్గా వచ్చింది.

కాలిపర్ బోల్టులు ఊడదీసి, పైకెత్తి, ఆయన దాన్ని రబ్బరు గొట్టం మీదే వేలాడదీయబోయాడు.

లక్షుమ్మ: దాని గొంతుకు ఉరేస్తావా ఏంది? ఇదో బైండింగు వైరు, పైన కమ్మీకి కట్టు. గొట్టం చిట్లితే ఆయిలంతా కారిపోతాది.

ఓబులేసు: ఇది కూడా వాడే చెప్పినాడా?

లక్షుమ్మ: లేదు. 30 ఏండ్లు నీ పక్కన ఉంటే రాదా? ఆ మూతి ఇట్లా తిప్పు.

(పాత నూలుచీర నుంచి చించిన గుడ్డను ఆయన ముక్కుకు కట్టి, వెనక రెండు ముళ్ళు వేసింది. రెండో ముడి కొంచెం గట్టిగానే వేసింది.)

లక్షుమ్మ: ఆ బ్రేకు దుమ్మును ఊదేవు, ఊదొద్దు. నీ దగ్గుకు అదొక్కటే తక్కువ. రాత్రంతా ఖళ్ళుఖళ్ళు, నాకు నిద్రా లేదు, పాడూ లేదు.

ఓబులేసు: చూడు, చూడు. పాత ప్యాడ్ 2 మిల్లీమీటర్లు కూడా లేదు. 3కి వచ్చినప్పుడే మార్చాల్సింది. లోపలి ప్యాడ్ ఇంకా ఎక్కువ అరిగింది. కాలిపర్ జరిగే పిన్ను బిగుసుకొనింది, అందుకే.

లక్షుమ్మ: కొబ్బరినూనె తెచ్చేదా?

ఓబులేసు: తల్లీ, వద్దు! ప్యాడ్‌కు నూనె తగిలితే బ్రేకు పట్టదు. పిన్నుకు వేరే గ్రీసు ఉంటాది, అదే పూయాల. సరే, ఇప్పుడు రా. ప్యాడ్లు తీసేసినా. అంతా ఖాళీ. నీ పిల్లి యాడుందో చూపించు.

లక్షుమ్మ: (టార్చి వేసి, వంగి, చాలాసేపు చూసి) కనపడలే. నీ మొహం చూసి లోపలికి పోయింటాది.

ఓబులేసు: నీకు ఇట్లా కాదు. ఇప్పుడే మళ్ళీ బటన్ నొక్కుతా. పిస్టన్ కదిలేది నీ కండ్లతో నువ్వే చూడు.

లక్షుమ్మ: నొక్కినావంటే చెయ్యి విరగ్గొడతా!

ఓబులేసు: ఒక్కసారే...

లక్షుమ్మ: పొద్దున్నుంచీ దాన్ని సతాయించింది చాలదా? చెయ్యి తియ్. తియ్యంటే తియ్!

(ఆమె పిల్లి కోసం ఆయన చెయ్యి పట్టుకుంది గానీ, పట్టుకున్నది మాత్రం సరైన సమయంలో. ప్యాడ్లు లేనప్పుడు మోటారు తిరిగితే పిస్టన్‌ను ఆపేది ఏమీ ఉండదు. అది బయటికి వచ్చేస్తే బ్రేకు ఆయిలు చిమ్ముతుంది, కాలిపర్ పాడవుతుంది. కొన్ని కార్లలో సర్వీస్ మోడ్‌లో బటన్ పనిచేయదు. ఈ కారు ఏ రకమో కనుక్కునే అవకాశం లక్షుమ్మక్క ఎవరికీ ఇవ్వలేదు. ఓబులేసన్నకూ మధ్యలో ఎక్కడో గుర్తొచ్చినట్టుంది, చెయ్యి మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.)

ఓబులేసు: ...నీ కోసం వదిలేస్తాండా.

లక్షుమ్మ: నా కోసమే వదిలెయ్. అవతలి పక్క కూడా మారుస్తావా?

ఓబులేసు: రెండు పక్కలా ఒకేసారి మార్చాల. లేకుంటే బ్రేకు ఒక పక్కకు లాగుతాది.

లక్షుమ్మ: అదీ న్యాయం. ఒకదానికి కొత్తవి, ఇంకోదానికి పాతవి అంటే అవి మాత్రం ఊరుకుంటాయా?

రెండో చక్రం తొందరగానే అయింది. పిస్టన్లు వెనక్కి పోయేటప్పుడు ఇంజన్ దగ్గర బ్రేకు ఆయిలు డబ్బాలో ఆయిలు పైకి లేస్తుందని, అది పొంగితే పెయింటు తినేస్తుందని లక్షుమ్మక్క ముందే అక్కడ గుడ్డ పరిచింది. ఆయన స్కానర్‌తో సర్వీస్ మోడ్ తీసేశాడు. గుయ్య్ అంది. ఆమె "నిద్ర లేచింది" అంది. ఆయన పెడల్ తొక్కితే మొదట నేలదాకా దిగిపోయింది, ఆ ఒక్క క్షణం ఇద్దరికీ టెన్షనే. ఇంకో నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడింది.

ఓబులేసు: (ముక్కు గుడ్డ విప్పి చేతులు తుడుచుకుంటూ) అయిపోయింది. పిల్లీ లేదు, గిల్లీ లేదు. ఈ రాత్రి నుంచి ఆ పాలు పెట్టేది మానెయ్. అయినా పిల్లికి పెట్టే పాలల్లో ఎవరన్నా మిరియాల పొడి వేస్తారా?

(ఎంతసేపటికీ లక్షుమ్మక్క మాట్లాడలేదు. ఆ ఇంట్లో అలా జరగడం నేను చూడలేదు.)

లక్షుమ్మ: మిరియాలు వేసినట్టు నీకెట్లా తెల్సు?

ఓబులేసు: ...వాసనొచ్చింది.

లక్షుమ్మ: మంచంలో పడుకున్నోనికి షెడ్డులో గిన్నె వాసనొచ్చిందా?

ఓబులేసు: అవునే, తాగినా! షుగరని నాకు పాలు బంద్ చేస్తివి. పిల్లికి మాత్రం గిన్నెడు గిన్నెడు పోస్తివి. మనిషికి రోషం ఉండదా?

లక్షుమ్మ: చక్కెర ఉన్నిందా దాంట్లో?

ఓబులేసు: లేదు. చప్పగా ఉన్నాయి. మీగడ కూడా తీసేసినావు. పిల్లికి ఇంత అన్యాయమా అనుకున్నా.

లక్షుమ్మ: చేతికిస్తే తాగవు కదా. చక్కెర లేనివి పాలేనా అని గిలాసు అవతలికి తోసేస్తివి. దొంగగా దొరికితే గటగటా తాగుతావు. ఉద్యోగంలో ఉన్నప్పుడు గువ్వలచెరువులో బస్సు ఆపి పాలకోవా తిని, మూతి తుడుచుకొని ఇంటికొచ్చే మనిషివి, నీ సంగతి నాకు తెలీదా? దగ్గు తగ్గిందా, లేదా?

ఓబులేసు: ...తగ్గింది.

లక్షుమ్మ: మళ్ళ?

ఓబులేసు: అంటే పిల్లి లేదని నీకు ముందునుంచే తెల్సు!

లక్షుమ్మ: ఎవరన్నారు లేదని? దాని పాలు రోజూ నువ్వు తాగేస్తే అది పస్తు ఉండక ఏం చేస్తాది? అందుకే అట్లా అరుస్తాంది పాపం.

ఓబులేసు: లక్షుమ్మా, దండం పెడతా, అది మోటారే!

లక్షుమ్మ: సరే, మోటారే. స్నానం చేసి రా. దేవుని కడప దాకా పోయి స్వామికి ఒక దండం పెట్టుకొని వద్దాం. బ్రేకులు ఎట్లున్నాయో చూసినట్టూ ఉంటాది.

ఓబులేసు: కొత్త ప్యాడ్లు. కొన్నాళ్ళు మెల్లగా తొక్కాల, డిస్కుకు కుదురుకునేదాకా.

లక్షుమ్మ: మెల్లగానే తొక్కు. రెండూ కడుపు మాడ్చుకొని ఉన్నాయి.