ఆ నూరో కోతి లేనే లేదు

కాలనీ గ్రూపులో, చుట్టాల గ్రూపులో, ఆఫీసు గ్రూపులో మళ్లీ అదే మెసేజ్. జపాన్‌లో ఒక దీవిలో కోతులు చిలగడదుంపలు కడుక్కుని తినడం నేర్చుకున్నాయట. నూరో కోతి నేర్చుకోగానే సముద్రం అవతలి దీవుల కోతులకూ దానంతట అదే వచ్చేసిందట. కాబట్టి మంచి ఆలోచన ఒక లెక్కకు చేరితే లోకం మారిపోతుంది, ఫార్వర్డ్ చేయండి, ఆ నూరో కోతి మీరే కావచ్చు.

కడిగిన మాట నిజమే. కోషిమా దీవిలో పరిశోధకులు వేసే దుంపలకు ఇసుక అంటుకునేది. 1953లో ఈమో అనే ఏడాదిన్నర ఆడపిల్ల కోతి దుంపను ఒక చేత్తో వాగులో ముంచి, రెండో చేత్తో ఇసుక తోమేయడం మొదలుపెట్టింది.

ఇక నూరు. 1952లో ఆ గుంపులో ఉన్నవి 20 కోతులు, 1962లో 59. మరి నూరోది ఎక్కడిది? అది 1979లో లయల్ వాట్సన్ అనే రచయిత తన పుస్తకంలో రాసిన మాట. వివరాలు కొన్ని కల్పించుకోవాల్సి వచ్చిందని అందులో ఆయనే చెప్పాడు. దీని గురించి ఇంతకంటే మాట్లాడటం దండగ.

అవతలి దీవుల సంగతిలో ఒకటి ఒప్పుకుంటాను. వేరే చోట్ల కూడా ఒకటీ అరా కోతులు దుంపలు కడిగినట్టు జపాన్ పరిశోధకులే రాశారు. ఈమోకు తట్టింది ఇంకో కోతికి తట్టకూడదని ఏముంది? అసలు కోషిమాలోనే ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయా, దేనికది కనిపెట్టిందా అని అనుమానించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. అలా చూసినా గాల్లో పాకిన ఆలోచన మాత్రం ఎక్కడా లేదు.

నాకు ఒళ్లు మండేది "దానంతట అదే" అన్న మాటకు. అయిదేళ్లు గడిచి 1958 వచ్చేసరికి, రెండు నుంచి ఏడేళ్ల కోతులు 19 ఉంటే 15 కడుగుతున్నాయి. అంతకంటే పెద్దవి 11 ఉంటే రెండే. మొదట అలవాటు పడినవి ఈమో తోటి ఆటగాళ్లు, తల్లి. తర్వాత పిల్లలకు తల్లుల దగ్గర అబ్బింది. పిల్లల దగ్గరికి పెద్దగా రాని మగ కోతులు చాలామటుకు నేర్చుకోనే లేదు. అంటే పక్కన ఉండాలి, కళ్లముందు జరగాలి, రోజూ జరగాలి.

మా అపార్ట్‌మెంట్‌లో తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో వేద్దామని అడిగితే ఈ మెసేజే జవాబుగా పెట్టారు. టైమ్ వస్తే అందరూ మారతారట. ఎప్పుడండీ ఆ టైమ్? అంతవరకూ స్వచ్ఛ ఆటో అతను మన అన్నం మెతుకుల్లోంచి పాల ప్యాకెట్లు, వాడిన ప్యాడ్లు ఉత్త చేతులతో ఏరుతూ ఉండాలా? గాజు పెంకు గుచ్చుకుని అతని వేలికి కట్టిన గుడ్డ మీరు చూడలేదా? మూడో అంతస్తులో ఒక ఆంటీ రెండు డబ్బాలూ దించడం చూసి ఎదురింటి పిల్లలు కూడా విడివిడిగా తెస్తున్నారు. వాళ్లకు ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

రేపు ఆటో వచ్చినప్పుడు మీరూ రెండు డబ్బాలు పట్టుకుని కిందికి రండి. పిల్లల్ని వెంట తీసుకురండి.