శనివారం మంట, ఆదివారం నిప్పు

"బావా, కంపంతా ఒకచోటికి లాగి కుప్ప వేశాను. నా ఎత్తుకి రెండింతలుంది. శనివారం అంటిస్తున్నా, పొద్దున్నే వచ్చెయ్," అన్నాడు మావాడు ఫోన్లో. అమెరికాలో చెట్ల మధ్య మూడెకరాల్లో ఇల్లు కొని ఏడాది కాలేదు. చైన్‌సా కొన్నాడు, తోలు చేతిగ్లవ్స్ కొన్నాడు, రెండు నెలల్లో అడవికి క్షవరం చేసినంత పని చేశాడు.

"శనివారం సరే, ఆదివారం ఏం చేస్తున్నావు?" అన్నాను.

"ఆదివారమా? ఆదివారం ఏముంది?"

నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ఆదివారం గురించే.

అంటించేటప్పుడు ఉండే హుషారులో పదో వంతు కూడా ఆర్పేటప్పుడు మనలో ఉండదు. మంట ఎగసినంతసేపూ చుట్టూ జనం, ఫోన్లలో వీడియోలు. ఎర్రటి కణికలు నల్లబడ్డాయో లేదో ఒక్కొక్కరే లోపలికి జారుకుంటారు. ఋణశేషం, శత్రుశేషం, అగ్నిశేషం ఉంచకూడదని పెద్దలు చెప్పారు. ముప్ఫయ్యేళ్ల మార్ట్‌గేజ్ మీద ఇల్లు కొన్నవాళ్లం కాబట్టి మొదటిదాని గురించి మాట్లాడే అర్హత మనకెలాగూ లేదు. మూడోదైనా పాటిద్దాం.

అగ్నిశేషం ఎంత కాలం ఉంటుందో తెలియాలంటే న్యూమెక్సికోలో 2022లో జరిగింది చూడాలి. జనవరి నెలాఖరులో అక్కడి అడవిలో కొమ్మల కుప్పలు తగలబెట్టారు. తగలబెట్టింది అనుభవం లేని ఇంటాయన కాదు, అదే వృత్తిగా ఉన్న అటవీశాఖ సిబ్బంది. తర్వాత మూడుసార్లు మంచు కురిసింది. మంచు కింద ఉన్నది బూడిదే అనుకుంటాం కదా. ఏప్రిల్ 9న అక్కడ మళ్లీ పొగ లేచింది. సిబ్బంది వెళ్లి నిప్పు పాకకుండా చుట్టూ మట్టి తేలేలా గీత తవ్వి కట్టడి చేశారు. పది రోజులకి, 19న, ఈదురుగాలికి ఆ గీత దాటి మంట బయటపడింది. దాని పేరు కాఫ్ కాన్యన్ ఫైర్. దగ్గర్లోనే, ఏప్రిల్ 6న కావాలని పెట్టిన మరో మంట చెయ్యిజారి హెర్మిట్స్ పీక్ ఫైర్ అయింది. రెండూ కలిసి 3 లక్షల 41 వేల ఎకరాలు పైగా కాల్చేశాయి. వందల ఇళ్లు పోయాయి. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్ద కార్చిచ్చు లేదు. నివురు గప్పిన నిప్పు అని మనం మనుషుల కోపతాపాల గురించి వాడుకునే మాట, అక్కడ అక్షరాలా రెండున్నర నెలలు మంచు కింద బతికింది.

నిప్పు అలా ఎక్కడ దాక్కుంటుంది? సన్న పుల్లల్లో కాదు. అవి భగ్గున మండి అయిపోతాయి. లావు దుంగల కడుపులో, పాత మొద్దుల వేళ్లలో, ఏళ్ల తరబడి ఆకు రాలి కుళ్లి మెత్తగా పరుపులా పేరుకున్న పొరలో దాక్కుంటుంది. ఆ పొర పైకి తడిగా కనబడుతుంది, లోపల కుంపటిలా రాజుకుంటూ పోతుంది. అందుకే కుప్ప వేసే చోటే సగం సంగతి తేలిపోతుంది. మొద్దు మీద వేయకూడదు, బతికున్న చెట్టు వేళ్ల మీద వేయకూడదు. ఆకుల పొరంతా గీకేసి అసలు మట్టి కనబడే దాకా చుట్టూ పదడుగులు శుభ్రం చేయాలి. ట్రాక్టరుతో నెట్టి కుప్ప వేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. కొమ్మలతో పాటు మట్టీ కుప్పలోకి చేరుతుంది. ఆ మట్టే నిప్పుకి దుప్పటి.

ఇక ఆర్పడం. నీళ్లు పోసి, పారతో తిరగేసి, మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ తిరగేయాలి. సుయ్యిమన్న చప్పుడు ఆగిపోయినా పని అయినట్టు కాదు. అరచేతిని నమ్మొద్దు. చేయి వెనక్కి తిప్పి, ముందు బూడిదకి కాస్త ఎడంగా పట్టుకుని చూసి, వేడి తగలకపోతేనే ఆనించి చూడాలి. ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడ మళ్లీ మొదలు. మర్నాడు పొద్దున ఇంకోసారి, గాలి లేచిన రోజున మరోసారి. హోస్ పైపు అక్కడిదాకా రాకపోతే, ఆ కుప్ప అక్కడ ఉండాల్సింది కాదన్నమాట.

మావాడితో నా అసలు పేచీ వేరే. ఆ కుప్పలో సగానికి పైగా కాల్చాల్సిన అవసరమే లేదు. మనకి అడవిని హాలులా సర్దుకోవాలనే పిచ్చి ఒకటి ఉంది. నేల మీద దుంగ కనబడితే చెత్త అనుకుంటాం. ఇంటికి దూరంగా నేలని ఆనుకుని పడున్న లావు దుంగ మెల్లగా కుళ్లి మట్టిలో కలుస్తుంది, ఈలోగా సాలమాండర్లకీ (బల్లిలా కనిపించే, కప్పల జాతికి దగ్గరి జీవులు) పురుగులకీ వాటిని తినే పిట్టలకీ కొంప అవుతుంది. దాన్ని లాక్కొచ్చి మంటలో వేస్తే మూడు రోజులు రగిలేదీ అదే, ఆర్పలేక చచ్చేదీ దానితోనే. ఇంటి చుట్టూ మాత్రం నేను ఒక్క ఎండు రెమ్మని కూడా ఉంచను. కాలిఫోర్నియాలో మంట ముప్పున్న చోట్ల ఇంటి చుట్టూ 100 అడుగుల మేర శుభ్రంగా ఉంచాలని చట్టమే ఉంది. ఆ గీతకి లోపల ఒక న్యాయం, అవతల ఇంకో న్యాయం. మనవాళ్లు రెండుచోట్లా ఒకే రంపం నడిపిస్తారు.

కొమ్మల్ని ముక్కలు చేసే చిప్పర్ యంత్రం అద్దెకి తెచ్చి సన్న కొమ్మలు నలిపేస్తే బాటల మీద పరుచుకోవచ్చు. మరి ఏం కాల్చాలి? ముళ్లపొదలూ, ఎక్కడ పడేసినా మళ్లీ చిగురించే దురాక్రమణ మొక్కలూ, చీడ పట్టిన కొమ్మలూ. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ ఏష్ బోరర్ అనే ఆకుపచ్చ పురుగు ఏష్ చెట్లని నిలువునా చంపేస్తూ పోతోంది. ఆ కట్టెల్ని ట్రక్కులో వేసుకుని పక్క కౌంటీకి తీసుకెళ్తే పురుగునీ మోసుకెళ్లినట్టే. అలాంటివాటిని పడినచోటే వదిలించుకోవడం మేలు.

ఎప్పుడు కాల్చాలన్నది ఊరూరికీ మారుతుంది. మాసచూసెట్స్‌లో జనవరి 15 నుంచి మే 1 దాకా, పర్మిట్ తీసుకుని, పొద్దున 10 నుంచి సాయంత్రం 4 లోపు కాల్చాలి. వర్జీనియాలో ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 30 దాకా, అడవికి 300 అడుగుల లోపల అయితే, సాయంత్రం 4 దాటాకే అంటించాలి. ఒకరు నాలుగుకల్లా ముగించమంటే ఇంకొకరు నాలుగు దాకా మొదలుపెట్టొద్దంటారు! రెండింటికీ కారణాలున్నాయి. వెలుగు ఉండగానే ఆర్పడం తేలిక, సాయంత్రమైతే గాలి తగ్గి తేమ పెరుగుతుంది. న్యూయార్క్ అయితే మార్చి 16 నుంచి మే 14 దాకా అసలు వద్దంటుంది. చలి తగ్గింది కదా అని మనం బయటికొచ్చే రోజులవే. చెట్లకింకా ఆకు రాదు, ఎండ నేరుగా నేల మీద పడి నిరుటి ఆకులు గలగలలాడుతుంటాయి, గాలులు మొదలవుతాయి. చేతులకి హుషారొచ్చే కాలమూ అడవి అంటుకునే కాలమూ ఒకటే కావడం మన ఖర్మ. ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఒక్క ఫోన్ చేస్తే ఆరోజు కాల్చొచ్చో లేదో వాళ్లే చెప్తారు. "మన స్థలం, మన కట్టెలు, మనకి పర్మిషన్ ఏంటి" అని మావాడు అన్నాడు. గాలికి నీ సరిహద్దు రాళ్లు కనబడవురా అన్నాను.

ఇంకో రెండు ముక్కలు. పెట్రోలు పోయొద్దు. దాని ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ మన కాళ్ల దాకా వచ్చి ఉంటుంది, అగ్గిపుల్ల గీయగానే అందులో మనమూ ఉంటాం. చెట్లకి చుట్టుకున్న పాయిజన్ ఐవీ తీగ చలికాలంలో ఆకుల్లేకుండా, నూగు పట్టిన తాడులా ఉంటుంది, గుర్తుపట్టడం కష్టం. చర్మం మీద దద్దుర్లు తెచ్చే దాని జిడ్డు, కాలిస్తే పొగతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కింటి పిల్లల ఊపిరితిత్తుల్లోకి కూడా.

ఆ శనివారం మేం అంటించలేదు. కుప్ప రెండు నెలలుగా అక్కడే ఉంది కాబట్టి లోపల ఎవరైనా కాపురం పెట్టి ఉంటారని కొమ్మలు ఒక్కొక్కటే తీసి పక్కకి వేయడం మొదలుపెట్టాం. సగం తీశాక ఒక కుందేలు దూకి పారిపోయింది. లావు దుంగలన్నీ ఏరి చెట్ల లోపలికి దొర్లించాం. మిగిలింది నడుమెత్తు కుప్ప. వాన పడి, గాలి లేని రోజు చూసి, పర్మిట్ తీసుకుని, ఆ తర్వాతి వారాల్లో కొంచెం కొంచెంగా పైనుంచి అంటించి కాల్చాడు. కిందనుంచి అంటిస్తే వచ్చినంత పొగ రాలేదు.

ఆఖరి విడత శనివారం కాల్చాడు. సోమవారం పొద్దున ఆఫీసు టైముకి ఫోన్ చేశాడు.

"బావా, నిన్న రెండుసార్లు నీళ్లు పోశాను. ఇందాక చెయ్యి పెట్టి చూశా. ఉత్తరం వైపు ఒక చోట ఇంకా వెచ్చగానే ఉంది."

"ఇప్పుడెక్కడున్నావు?"

"ఇక్కడే, పార పట్టుకుని. మీటింగ్‌కి రానని చెప్పేశా."