చుక్కల పట్టిక, ఆయాల జీతం

ఇంటి పనులు చేసిన పిల్లలకు పట్టికలో మెచ్చుకోలు చుక్కలు, చిన్న మొత్తాలు ఇవ్వాలనీ, శిశు సంరక్షకులకు పండుగలకు కానుకలిచ్చి కృతజ్ఞత చూపాలనీ పిల్లల పెంపకంపై వచ్చిన ఒక వ్యాసంలో చేసిన రెండు సూచనల్లో మొదటిదానిని మేము మా మనవడిపై ప్రయోగించి చూశాము. తిన్న కంచం తీసినందుకు చుక్క ఇస్తూ వచ్చిన నెల తరువాత, చెప్పులు సర్దితే ఎన్ని చుక్కలని వాడు బేరమాడాడు (వాడి తాతగారు వ్యాపారి, ఆ గుణం ఎక్కడికి పోతుంది!). 1973లో మనస్తత్వ శాస్త్రవేత్తలు లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ప్రచురించిన ప్రయోగంలోనూ, బహుమతి వస్తుందని ముందుగా చెప్పి బొమ్మలు వేయించిన పిల్లలు తరువాత స్వేచ్ఛగా ఆడుకునే సమయంలో బొమ్మలు వేయడంపై మిగిలినవారికన్నా తక్కువ ఆసక్తి చూపారు. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల కనిపించలేదు. అందుచేత మేము పట్టిక తీసివేసి, పని పూర్తయ్యాక ఎప్పుడైనా ఒక పూట వాడికిష్టమైన అట్టు వేసి పెడుతున్నాము.

రెండవ సూచనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పసిపిల్లలను చూసుకునే అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు నేటికీ ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనమే; వారికి గ్రాట్యుటీ (ఉద్యోగం విడిచినప్పుడు ఇచ్చే మొత్తం) హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో చెప్పవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో వారు సమ్మెకు దిగినప్పుడు వేతనంతో పాటు అడిగిన వాటిలో గ్రాట్యుటీ కూడా ఉంది. చీర పెట్టి పంపడం మర్యాదే కానీ, మా వీధిలోని ప్రైవేటు శిశు సంరక్షణ కేంద్రంలో ఆయాకు వారానికొక సెలవైనా ఉందా అని ఏ తల్లిదండ్రులూ అడగగా నేను వినలేదు.