‘ఉద్యోగం పోతే అందరికీ సగం జీతం’ అన్న మెసేజ్‌లో ఏది నిజం, ఏది కాదు

ఎక్కడైనా ఉద్యోగాలు పోతున్నాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: ఉద్యోగం పోయిన ప్రతి ఒక్కరికీ కేంద్రం మూడు నెలలు సగం జీతం ఇస్తుంది, రాజీనామా చేసినా వస్తుంది, ఆన్‌లైన్‌లో ఫారం నింపితే 15 రోజుల్లో ఖాతాలో పడుతుంది, ఆలస్యమైతే ఏజెంటుకిస్తే పని అయిపోతుంది.

ఇది పూర్తిగా కల్పన కాదు, అందుకే ప్రమాదం. వెనక నిజమైన పథకం ఉంది. 2018 జూలై 1న, కార్మికుల వైద్య, నగదు బీమా చూసే ఈఎస్‌ఐ కార్పొరేషన్ (ఈఎస్‌ఐసీ) ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, ఆ తర్వాత గడువు పెంచుకుంటూ వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అది. మెసేజ్‌ను నమ్మితే ఆ పథకం కిందే రావాల్సిన డబ్బు పోయే అవకాశం ఉంది.

‘ప్రతి ఒక్కరికీ ఇస్తారు’

ఇవ్వరు. ఈఎస్‌ఐ బీమా ఉన్నవారికే ఇస్తారు. నెల వేతనం 21,000 రూపాయల లోపు (వికలాంగులకు 25,000) ఉన్నవారే ఆ బీమా కిందికి వస్తారు. మాదాపూర్‌లో నెలకు 40 వేలు తీసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇది వర్తించదు. పే స్లిప్‌లో ఈఎస్‌ఐ పేరిట 0.75 శాతం కోత ఉందో లేదో చూసుకుంటే సంగతి తేలిపోతుంది. కోత ఉంటే సరిపోదు, చందా రోజులు (చందా జమైన పనిరోజులు) కూడా ఉండాలి. 2020లో సడలించిన నిబంధన ప్రకారం రెండేళ్ల బీమా ఉద్యోగం, ఉద్యోగం పోవడానికి ముందు చందా కాలంలో కనీసం 78 రోజులు, అంతకుముందున్న మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు ఉండాలి. చందా కాలాలు ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. ఈ షరతులు ఉత్తర్వును బట్టి మారతాయి కాబట్టి, మీ ఉద్యోగం పోయిన తేదీకి ఏది అమల్లో ఉందో ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసులో అడగండి.

ఇక నిరుద్యోగులందరికీ నెలకు 6,000 అంటూ తిరిగే ‘ప్రధానమంత్రి బేరోజ్‌గారీ భత్తా’ సంగతి: అలాంటి పథకమే లేదని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగమైన పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఎప్పుడో చెప్పింది.

‘రాజీనామా చేసినా వస్తుంది’

మెసేజ్‌లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. తనంతట తాను ఉద్యోగం వదిలినవారికి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవారికి, రిటైరైనవారికి, క్రమశిక్షణ చర్య కింద తొలగించినవారికి ఈ సాయం రాదు. లాకౌట్ కాలానికీ, చట్టవిరుద్ధమని తేల్చిన సమ్మె కాలానికీ రాదు.

మనుషుల్ని తగ్గించుకునే యాజమాన్యం చాలాసార్లు ‘రిజైన్ లెటర్ ఇచ్చేయండి, సెటిల్‌మెంట్ త్వరగా అవుతుంది’ అంటుంది. సంతకం పడిందంటే కాగితం మీద ఉద్యోగం వదిలింది మీరే. పని లేక తీసేస్తున్నట్టు లెటర్ గానీ మెయిల్ గానీ అడగండి. నోటిమాటగా పొమ్మంటే, ‘ఫలానా తేదీ నుంచి పనికి రావద్దన్నారు’ అని మీరే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి కాపీ దాచుకోండి.

‘మూడు నెలలు సగం జీతం’

2020 మార్చి 24 నుంచి సాయం 25 నుంచి 50 శాతానికి పెరిగిన మాట నిజమే. కాకపోతే అది చివరి జీతంలో సగం కాదు. వెనకటి నాలుగు చందా కాలాల మొత్తం వేతనాన్ని 730తో భాగించి, వచ్చిన రోజు సగటులో సగం. నెలకు 18,000 చొప్పున 24 నెలలూ పనిచేస్తే 4,32,000 భాగించు 730, అంటే రోజుకు దాదాపు 592. అందులో సగం 296. 90 రోజులకు 26,630 దాకా వస్తుంది. అదే జీతం మధ్యలో ఖాళీలు పోను 13 నెలలకే నమోదైతే, భాగించేది మాత్రం 730తోనే. చేతికొచ్చేది 14,425. పైగా ఈ 90 రోజులు జీవితంలో ఒక్కసారే.

ఫ్యాక్టరీ మూతపడో, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది ఎక్కువయ్యారని తొలగించడం) జరిగో ఉద్యోగం పోయినవారు ముందు రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనను చూడాలి. అందులో మొదటి 12 నెలలు సగం వేతనం, తర్వాతి 12 నెలలు పావు వంతు ఇస్తారు. మెసేజ్‌లో దీని ఊసే లేదు.

‘15 రోజుల్లో ఖాతాలో పడుతుంది’

ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాతే క్లెయిమ్ పెట్టాలి. రాబోయే రోజులకు ముందుగా ఇవ్వరు. 15 రోజుల లెక్క అన్నీ సరిగా ఉన్న క్లెయిమ్ అందాక మొదలవుతుంది. ఆలస్యమంతా ఆ ‘అన్నీ సరిగా’ దగ్గరే.

మొదటి చిక్కు యాజమాన్యం వేసే నెలవారీ చందా ఫైలింగ్. ఒక ఉద్యోగికి సున్నా రోజులు చూపిస్తే కారణం కోడ్ వేయాలి: 0 అంటే కారణం లేదు, 1 అంటే సెలవు, 2 అంటే ఉద్యోగం వదిలాడు, 10 అంటే రిట్రెంచ్‌మెంట్, 11 అంటే పని లేదు. అకౌంట్స్‌లో ఎవరో 0 గానీ 1 గానీ కొట్టేస్తే రికార్డులో మీరింకా ఉద్యోగంలోనే ఉన్నట్టు. 2 కొడితే మీరే వదిలినట్టు కనిపించవచ్చు. క్లెయిమ్ మీరే నేరుగా పెట్టుకోవచ్చు గానీ, బ్రాంచ్ ఆఫీసు పాత యాజమాన్యం దగ్గర సరిచూసుకుంటుంది. అక్కడ తేడా వస్తే ఫైలు ఆగుతుంది. కాబట్టి క్లెయిమ్‌కు ముందే ఈఎస్‌ఐసీ పోర్టల్‌లో లాగిన్ అయి చందా వివరాలు చూసుకోండి. తప్పుంటే దిద్దమని యాజమాన్యానికి రాతపూర్వకంగా అడగండి. కాంట్రాక్టు కార్మికులైతే చందా ఎవరి యజమాని కోడ్ (ఈఎస్‌ఐ ఇచ్చే నంబరు) కింద కట్టారో చూసి, ఆ కాంట్రాక్టరునే అడగాలి.

రెండోది బ్యాంకు ఖాతా. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. రికార్డులో పాత ఐఎఫ్ఎస్‌సీ కోడే ఉండిపోతే మంజూరైన డబ్బూ వెనక్కి పోతుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఈఎస్‌ఐలో ఒక్క అక్షరంగా ఉండడం మనవాళ్లకు మామూలే. అదీ సరిచేయించాలి. కంపెనీ మారినప్పుడు కొత్త ఇన్సూరెన్స్ నంబరు తీసి ఉంటే సర్వీసు రెండు ముక్కలవుతుంది, రెండు నంబర్లనూ కలిపించుకోవాలి.

ఇంకొక మాట. డిస్పెన్సరీకి వెళ్లి క్లెయిమ్ గురించి అడిగి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లు ఎందరో. మన రెండు రాష్ట్రాల్లో పాత డిస్పెన్సరీలు చాలావరకు రాష్ట్ర ప్రభుత్వం నడిపేవి, నగదు సాయం చూసేది కార్పొరేషన్ బ్రాంచ్ ఆఫీసు. ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, తొలగింపు లెటర్ నకళ్లు అక్కడ ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

‘ఏజెంటుకిస్తే పని అవుతుంది’

యాజమాన్యం వేసిన కోడ్‌ను ఏ ఏజెంటూ మార్చలేడు. ఫారానికి రుసుము లేదు. అఫిడవిట్ షరతునూ 2020 నవంబరులోనే తీసేశారు, కాబట్టి స్టాంపు పేపరు పేరుతో డబ్బడిగితే ఇవ్వొద్దు. ఓటీపీ అసలే చెప్పొద్దు.

క్లెయిమ్ కదలకపోతే ముందు బ్రాంచ్ మేనేజరుకు రాతపూర్వకంగా, ‘నా క్లెయిమ్ ఏ కారణంతో ఆగింది’ అని అడగండి. టోల్ ఫ్రీ నంబరు 1800 11 2526. తర్వాత రీజినల్ ఆఫీసు, ఆపైన కేంద్రం వారి సీపీగ్రామ్స్ ఫిర్యాదుల పోర్టల్. అక్కడా పొడి సమాధానమే వస్తే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, క్లెయిమ్ ఏ తేదీన ఏ టేబుల్ దగ్గర ఉందో, యాజమాన్యానికి రాసిన లేఖ, దాని జవాబు నకళ్లు అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.