కస్టమ్ ఫీల్డులు పెడితే వర్డ్‌ప్రెస్ సైట్ చచ్చిపోతుందా?

“వర్డ్‌ప్రెస్ బ్లాగులకే. కస్టమ్ ఫీల్డులు పెట్టారో, సైట్ గోవిందా!” అంటూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. వర్డ్‌ప్రెస్ అంటే సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్. కస్టమ్ ఫీల్డు అంటే పోస్టుకు విడిగా తగిలించే అద్దె, ఏరియా లాంటి వివరం. అందులో నాలుగు ఆరోపణలు, చివర ఒక సలహా. ఆరోపణల్లో ఒకటి సగం నిజం. సలహా మాత్రం ఘోరం.

“బ్లాగు పోస్టులు తప్ప వేరే డేటా ఇమడదు.” 2003లో పుట్టినప్పుడు అది బ్లాగుల కోసమే, నిజమే. కానీ 2010లో 3.0 వెర్షన్‌తోనే కస్టమ్ పోస్ట్ టైపులు (ఇళ్లు, పుస్తకాల్లాంటి మన సొంత రకం ఎంట్రీలు) బాగా వాడకంలోకి వచ్చాయి. ఈ మాట పదిహేనేళ్లు పాతది.

“ప్రతి ఫీల్డుకూ ఒక డేటాబేస్ క్వెరీ.” క్వెరీ అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న. అద్దె ఇళ్ల సైట్ అనుకుందాం. పేజీలో 20 ఇళ్లు, ఇంటికి 8 ఫీల్డులు, కాబట్టి 160 క్వెరీలని వాళ్ల లెక్క. మామూలుగా జరిగేది వేరు. పోస్టులను తెచ్చే వర్డ్‌ప్రెస్ కోడ్, డబ్ల్యూపీ క్వెరీ, ఆ 20 ఇళ్లనూ తెచ్చాక, వాటి మెటా (అంటే ఫీల్డుల విలువలు) మొత్తాన్నీ ఇంకొక్క క్వెరీతో తెచ్చి కాష్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో, పెడుతుంది. తర్వాత ఫీల్డు విలువ ఇచ్చే గెట్ పోస్ట్ మెటా ఫంక్షన్‌ను ఎన్నిసార్లు పిలిచినా అక్కడి నుంచే ఇస్తుంది. సొంతంగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) రాసి ఐడీలు మాత్రమే తెచ్చుకున్నా, ఇంటికొకటి చొప్పున 20 క్వెరీలే అవుతాయి. 160 ఎక్కడిది?

“ధరల వరస తప్పు వస్తుంది.” వస్తుంది, మనం చెప్పకపోతే. ఫీల్డుల విలువలు దాచే మెటా వాల్యూ అనే కాలమ్ టెక్స్ట్ కాలమ్. 8000, 9500, 12000 అద్దెలను అక్షరాలుగా పోలిస్తే 12000 ముందుకొచ్చేస్తుంది, ఎందుకంటే 1 అనేది 8 కన్నా ముందు. కోడ్‌లో వరస చెప్పే ఆర్డర్‌బైలో మెటా వాల్యూ నమ్ అని, షరతులు చెప్పే మెటా క్వెరీలో టైప్ న్యూమరిక్ అని రాస్తే చాలు. అయితే ఫీల్డులో కామా పెట్టి “12,000” అని దాచారనుకోండి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కామా దగ్గర ఆగిపోయి దాన్ని 12గా చదువుతుంది. నేనూ ఒకసారి ఇలాగే బోల్తా పడ్డాను, ఖరీదైన ఇల్లు జాబితాలో అన్నిటికన్నా చవకైపోయింది! ఫీల్డులో వట్టి అంకెలే ఉంచి, కామా, రూపాయి గుర్తు చూపించేటప్పుడు తగిలించండి. తేదీలనూ 20250115 తరహాలో దాచితే ఆ గొడవే ఉండదు.

“రికార్డులు పెరిగితే నత్తనడకే.” ఇదే ఆ సగం నిజం. మెటా వాల్యూ మీద ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) లేదు. పైగా ఏరియా, బెడ్‌రూములు, అద్దె అని మూడు షరతులు కలిపితే అదే టేబుల్‌ని మూడుసార్లు జాయిన్ చేస్తుంది, అంటే కలిపి వెతుకుతుంది. కానీ ఏరియా, బెడ్‌రూముల లాంటివి మెటాలో ఎందుకు? టాక్సానమీగా (కేటగిరీల్లాంటి వర్గాలుగా) పెట్టండి, ఆ టేబుళ్లకు ఇండెక్సులున్నాయి. రేంజ్ కావాల్సిన అద్దె ఒక్కటే ఫీల్డుగా ఉంటుంది. అప్పటికీ చాలకపోతే సొంత టేబుల్ వేసుకోవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో షాపు నడిపే ప్లగిన్ వూకామర్స్ చేసిందదే. 2019లో ధర, స్టాక్ లాంటి వివరాలకు లుకప్ టేబుల్ (త్వరగా వెతకడానికి విడి పట్టిక) తెచ్చింది, 2023లో కొత్త షాపుల ఆర్డర్లు ఏమీ మార్చకుండానే వేరే టేబుళ్లలోకి వెళ్లేలా చేసింది. వర్డ్‌ప్రెస్ వదిలి పారిపోలేదు.

ఇక సలహా. “అందుకే వివరాలన్నీ పోస్టులోనే టైప్ చేసేయండి” అట. మరి పదివేల లోపు అద్దె ఇళ్లు చూపించమని ఎవరైనా అడిగితే, ఆ పోస్టులన్నీ ఎవరు కూర్చుని చదువుతారు?