వరద వార్తకు సినిమా మోతా?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. కోనసీమ లంకల్లో బడికి వెళ్లని వాళ్లకు కూడా ఈ అంకెలు నోటికొచ్చు. పశువుల్ని గట్టుకు ఎప్పుడు తోలాలి, ధాన్యం బస్తాలు ఎప్పుడు పైకెక్కించాలి, బాలింతల్ని, ముసలివాళ్లని ఏ పూట పడవ ఎక్కించాలి అనేది వీటిని బట్టే తేలుతుంది.

అలాంటి రోజున లోకల్ ఛానల్ పెడితే చెవులు చిల్లులు పడే సంగీతం వినిపిస్తుంది. తెర నిండా ఎర్ర అక్షరాల్లో ‘జల ప్రళయం’ అని ఉంటుంది. మైకు పట్టుకున్న కుర్రాడు మోకాలి లోతు నీళ్లలోకి దిగి, ఊపిరి ఆడనట్టు అరుస్తుంటాడు. కింద స్క్రోలింగ్‌లో నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు, పక్కన నగల దుకాణం ఆఫర్. నీటిమట్టం ఎంత, అది ఏ గంటకు తీసిన లెక్క, వరద ఇంకా పెరుగుతోందా, తీస్తోందా అన్న ముక్క మాత్రం ఉండదు. మధ్యలో పాత వరద దృశ్యాలు కూడా వేసేస్తారు. 2022 జులైలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటి దృశ్యాన్ని తేదీ వేయకుండా ఈ రోజు చూపిస్తే బూరుగులంకలో ఉన్న తల్లి ఏమనుకోవాలి? హైదరాబాద్‌లో ఉన్న ఆమె కొడుకు టెన్షన్ సంగతేమిటి? రెండుసార్లు ఇలా భయపెట్టిన ఛానల్ మూడోసారి నిజం చెప్పినా జనం కదలరు. మా భయమంతా అదే.

వినోదం మీద మాకు కోపం లేదు. జగ్గన్నతోట ప్రభలు, అంతర్వేది రథం, కొత్త అల్లుడి ముందు పరిచే పిండివంటలు లోకల్ ఛానళ్లు చూపించినంత ప్రేమగా ఇంకెవరూ చూపించలేరు, చూపించాలి కూడా. కానీ సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల నుంచి క్రికెట్ కామెంటరీలా లైవ్ నడిపి, ఏ పుంజు మీద ఎంత కాశారో ఉత్సాహంగా చెప్పి, దానికి ‘వార్తలు’ అని పేరు పెట్టడం వేరే సంగతి. పందెంలో పొలం కాగితాలు పోగొట్టుకున్నవాడి ఇల్లు కనుమ తర్వాత ఏ ఛానల్‌లోనూ కనిపించదు.

ఇంతకంటే దగాకోరు వ్యవహారం ఆరోగ్య కార్యక్రమాలది. వార్తలు చదివిన అమ్మాయే, అదే బల్ల ముందు, అదే గొంతుతో ‘ఇప్పుడు డాక్టరు గారితో మాట్లాడదాం’ అంటుంది. ఆ అరగంట ఎవరో డబ్బు కట్టి కొనుక్కున్నదన్న మాట తెర మీద ఎక్కడా ఉండదు. షుగర్ పూర్తిగా నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ప్రకటన ఏదో, కార్యక్రమం ఏదో విడిగా తెలియాలని 1994 కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. ఇవేవీ తెలియని పెద్దాయన, వార్తల్లో చెప్పారు కదా అని వాడుతున్న మాత్రలు మానేస్తాడు.

ఈ తప్పంతా మైకు పట్టుకున్న కుర్రాడి మీదకు నెట్టేయలేం. చాలాచోట్ల మండల విలేకరికి జీతమే ఉండదు. పైగా పండక్కి ఇన్ని యాడ్లు తేవాలని టార్గెట్ ఒకటి. ఉదయం ఏ నాయకుడి దగ్గర శుభాకాంక్షల ప్రకటనకు చెయ్యి చాపాడో, సాయంత్రం అదే నాయకుడి మనుషులు కాలువ గట్టు తవ్వేస్తుంటే కెమెరా ఎత్తగలడా? అందుకే శివారు చేనుకు వంతు నీరు అందని సంగతి, తేమ 17 శాతం దాటిందని ధాన్యం ధరలో కోసిన సంగతి, అంబాజీపేటలో కొబ్బరి ధర పడిపోయిన సంగతి బులెటిన్‌లో అర నిమిషానికి కుదించుకుపోతాయి. రాష్ట్ర స్థాయి ఛానళ్లు ఎలాగూ ఈ ఊళ్ల వైపు చూడవు. లోకల్ ఛానల్ కూడా చూడకపోతే రైతు తన గోడు ఎక్కడ చెప్పుకోవాలి?

కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. కేబుల్ సంస్థలు నడుపుకొనే సొంత ఛానళ్లకు 2022 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. వాటి ప్రకారం ఛానల్‌ను నమోదు చేయించుకోవాలి. స్థానిక వార్తలు వేయాలంటే కంపెనీగా రిజిస్టరై ఉండాలి. ప్రసారాల రికార్డు 90 రోజులు దాచాలి. కేబుల్ ప్రసారాలపై ఫిర్యాదులు వినడానికి జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్న ఆదేశం అంతకు ముందు నుంచే ఉంది. డెల్టా జిల్లాల కలెక్టర్లు ఆ కమిటీలను కూర్చోబెట్టి, ఎవరెవరు వాటిలో ఉన్నారో, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో జనానికి చెప్పాలి.

ఛానళ్ల యజమానులను మేం కోరేవి వాళ్ల చేతిలో ఉన్న పనులే. డబ్బు తీసుకుని వేసే ప్రతి కార్యక్రమం మీద, అది నడిచినంత సేపూ ‘ప్రకటన’ అన్న మాట ఉంచండి. పాత దృశ్యం వేస్తే తేదీ వేయండి. విలేకరికి జీతం ఇవ్వండి, యాడ్ల పని వేరే మనిషికి అప్పగించండి. ఏటి నీరు ఎర్రబడే రోజులు వస్తే, ఆ సంగీతం ఆపేసి, ధవళేశ్వరం నీటిమట్టాన్ని గంట గంటకూ టైముతో సహా తెర మీద పెట్టండి. కనకాయలంక కాజ్‌వే మునిగిందో లేదో, పడవ ఏ రేవు నుంచి కదులుతోందో, పునరావాస కేంద్రం ఏ బడిలో పెట్టారో చెప్పండి.