హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంగ్లిష్ వస్తుందా?

(హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ స్టాఫ్‌రూమ్. బల్ల మీద దిద్దాల్సిన ల్యాబ్ రికార్డులు. మేడమ్ పాతికేళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నారు. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్న కుర్రాడే ఇప్పుడు, కంప్యూటర్ల ముందు హెడ్‌ఫోన్ పెట్టి ఇంగ్లిష్ నేర్పే లాంగ్వేజ్ ల్యాబ్‌కి ఇన్‌ఛార్జి.)

శిష్యుడు: ఇంకో ఇరవై సిస్టమ్స్ కావాలని లెటర్ పెడుతున్నాను మేడమ్. మీరూ ఒక సంతకం చేయాలి.

మేడమ్: ఉన్నవాటితో ఏం చేస్తున్నారో చెప్పు, చేస్తాను.

శిష్యుడు: ఉచ్చారణ. ద్రాక్షతీగనీ ద్రాక్షసారానీ ఇంగ్లిష్‌లో ఏమంటారు? తెలుగులో రాస్తే రెండూ 'వైన్' అనే. మన నోట్లోనూ ఒకటే. ఆ తేడా చెవికి పట్టాలంటే ఇరవైసార్లు వినాలి. మీరైనా నేనైనా విసుక్కోకుండా ఇరవైసార్లు చెప్పగలమా?

మేడమ్: చెప్పలేం. ఓపికలో మిషన్‌దే గెలుపు. మొన్న మీ ల్యాబ్‌కి వచ్చాను చూడు, చివరి క్యాబిన్‌లో ఒక అబ్బాయి వెనకాల నిలబడ్డాను. తెర మీద 'విని, పలకండి' అని ఉంది. వాడు పెదవి కదపకుండా నెక్స్ట్ నొక్కేశాడు. తర్వాత ప్రశ్న: 'రికార్డ్' నామవాచకమైతే ఎక్కడ ఒత్తి పలకాలి, క్రియ అయితే ఎక్కడ? టక్కున సరైనదే నొక్కాడు. పదికి ఎనిమిది. సరే, ఆ మాట పెట్టి ఏదైనా ఒక ముక్క చెప్పు నాన్నా అన్నాను. హెడ్‌ఫోన్ తీసి, తల దించుకున్నాడు. జేఎన్‌టీయూ సిలబస్‌లో ఈ ల్యాబ్‌కి రెండు భాగాలున్నాయి కదా. ఒకటి కంప్యూటర్ ముందు చేసేది. రెండోది మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడేది: జామ్ (ఒక అంశం మీద ఆగకుండా ఒక్క నిమిషం మాట్లాడటం), రోల్‌ప్లే, డిబేట్. రాసినవాళ్లకి తెలుసు, మొదటిది రెండోదాని కోసమేనని. మనమేమో రెండోదాన్ని రికార్డులో రాయించి ముగిస్తున్నాం. రోల్‌ప్లే చేతిరాతతో!

శిష్యుడు: రికార్డు లేకపోతే, పరీక్షకి బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఒప్పుకుంటారా?

మేడమ్: తెరిచి చూస్తారా?

శిష్యుడు: ఇండెక్స్ చూస్తారు.

మేడమ్: అందుకోసం పిల్లలు ఇంగ్లిష్ 44 ధ్వనుల చార్టు చేత్తో దించుతున్నారు. ఇదిగో, ఈ రెండు రికార్డుల్లో ఒకే చోట ఒకే తప్పు.

శిష్యుడు: రికార్డు సంగతి వదిలేయండి మేడమ్. వారానికి రెండు గంటలు, అరవై మంది. అటెండెన్స్ పోతే మనిషికి రెండు నిమిషాలు కూడా రావు. అందరితో ఎలా మాట్లాడిస్తారు? ఇంకోటి చెప్పనా, ఏమీ అనుకోరుగా? ఫస్టియర్‌లో మీ క్లాసులో ఒకసారి 'ఇస్కూల్' అన్నాను. క్లాసంతా నవ్వింది. మీరూ నవ్వారు.

మేడమ్: నేనా?

శిష్యుడు: చిన్నగానే. ఆ ఏడాది మళ్లీ నోరు తెరవలేదు. ల్యాబ్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాత్రం నవ్వేవాళ్లు లేరు. తెలుగు మీడియం పిల్లాడికి అది ఎంత ధైర్యమో మీకు తెలియదు.

మేడమ్: (కాసేపటికి) తప్పు నాదే. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు... మరి మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నావ్?

శిష్యుడు: హాస్టల్‌లో. నా రూమ్మేట్ ఒడియా అబ్బాయి. వాడికి తెలుగు రాదు, నాకు హిందీ రాదు. బకెట్ అడగాలన్నా ఇంగ్లిషే.

మేడమ్: వాడు నవ్వలేదా?

శిష్యుడు: వాడిదీ నాలాంటి ఇంగ్లిషే కదా మేడమ్.

మేడమ్: మరి ల్యాబ్‌లో పక్కపక్కన కూర్చున్నవాళ్ల మధ్య ప్లైవుడ్ అడ్డం పెట్టామేం? లెటర్ ఇటివ్వు. సిస్టమ్స్ ఇరవై వద్దు, పది చాలు. మిగతా డబ్బుతో చక్రాల కుర్చీలు అడుగు, ఎదురెదురుగా తిప్పుకునేలా. వినడం అయ్యాక సగం గంట ఇద్దరిద్దరు మాట్లాడుకోనీ. అరవై మంది ఒకేసారి మాట్లాడితే నీ నిమిషాల లెక్కే ఉండదు.

శిష్యుడు: కుర్చీలకి ఇవ్వరు మేడమ్. ఇన్‌స్పెక్షన్‌లో లెక్కపెట్టేది సిస్టమ్స్‌నే.